మీకు తెలుసా? కాలేయం నొప్పి చెప్పదు

కాలేయం లోపలి కణజాలానికి నొప్పిని తెలిపే నరాలు లేవు. పైన కప్పి ఉన్న పలుచని పొరకు మాత్రమే ఉన్నాయి. లోపల కొవ్వు పేరుకున్నా, వైరస్ ఏళ్ల తరబడి కణాలను దెబ్బతీస్తున్నా, మెత్తగా ఉండాల్సినది మచ్చలు పడి గట్టిపడుతున్నా మనిషికి తెలియదు. ఉద్యోగానికి వెళ్తాడు, పెళ్లిళ్లకు వెళ్తాడు, "నాకేం, రాయిలా ఉన్నాను" అంటాడు. కాళ్ల వాపో, పొట్టలో నీరో, కళ్లలో పచ్చదనమో బయటపడేసరికి జబ్బు చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది. అందుకే కాలేయం బాగోగులు మనమే అడిగి తెలుసుకోవాలి. ఈసారి ముచ్చట్లన్నీ దాని గురించే. ఎక్కువగా కెనడా నుంచి ఏరినవి. కాలేయ జబ్బుల కోసమే పనిచేసే సంస్థ ప్రపంచంలో మొట్టమొదట పుట్టింది ఇక్కడే. 1969లో మొదలైన ఆ సంస్థ పేరు కెనడియన్ లివర్ ఫౌండేషన్.

తిన్నది ముందు ఎక్కడికి చేరుతుంది?

మిగతా అవయవాలకు రక్తం గుండె నుంచి ధమనుల్లో వస్తుంది. కాలేయానికి అలా వచ్చేది దాదాపు నాలుగో వంతే. మిగతా ముప్పావు వంతు పేగుల నుంచి, క్లోమం నుంచి, ప్లీహం నుంచి పోర్టల్ సిర ద్వారా నేరుగా వస్తుంది. అంటే ఇడ్లీలోంచి వచ్చిన చక్కెర, పప్పులోంచి వచ్చిన ప్రోటీను, వేసుకున్న మాత్ర, తాగిన మద్యం అన్నీ గుండెకు చేరకముందే కాలేయం దాటి పోవాలి. నెయ్యి, నూనెల్లోని కొవ్వు మాత్రం చాలావరకు లింఫు నాళాల దారిలో చుట్టూ తిరిగి వస్తుంది.

నిమిషానికి దాదాపు లీటరున్నర రక్తం ఇలా కాలేయంలోంచి పారుతుంది. అందులోంచే అది రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం తయారుచేస్తుంది. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రోటీన్లను, నీరు రక్తనాళాల్లోంచి బయటికి జారకుండా పట్టి ఉంచే ఆల్బుమిన్‌ను తయారుచేసేదీ అదే. ప్రోటీన్లు విరిగినప్పుడు పుట్టే అమోనియాను యూరియాగా మార్చి మూత్రపిండాలకు అప్పగిస్తుంది. ఈ పనులు తెలిస్తే కాలేయం దెబ్బతిన్నప్పుడు కనిపించే లక్షణాలు కూడా అర్థమవుతాయి. గడ్డకట్టే ప్రోటీన్లు తగ్గితే చిగుళ్ల నుంచి రక్తం. ఆల్బుమిన్ తగ్గితే కాళ్ల వాపు. అమోనియా పేరుకుంటే మతిమరుపు, పగలు మగత, రాత్రి మెలకువ. పెద్దాయన మాట తడబడుతుంటే వయసు మీద పడిందనుకుంటారు గానీ, కాలేయం జబ్బు ఉన్నవారిలో అది అమోనియా వల్ల కూడా కావచ్చు. చికిత్సతో తగ్గుతుంది కూడా.

గడ్డకట్టిన కప్పను బతికించేది కాలేయమే

కెనడా అడవుల్లో వుడ్ ఫ్రాగ్ అనే చిన్న కప్ప ఉంది. ఉత్తర అమెరికాలో ఆర్కిటిక్ వలయం దాటి కూడా బతికే కప్ప ఇదొక్కటే. చలికాలంలో ఇది నేల లోతుల్లోకి పోదు. రాలిన ఆకుల కింద పడుకుని అక్కడే గడ్డకట్టిపోతుంది. గుండె ఆగుతుంది, ఊపిరి ఉండదు, ఒంట్లోని నీటిలో దాదాపు మూడింట రెండు వంతులు మంచవుతుంది. ఎండలు వచ్చాక కరిగి, గెంతుకుంటూ జతను వెతుక్కుంటూ వెళ్తుంది.

ఆటవాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో కెనెత్ స్టోరీ, జానెట్ స్టోరీ దంపతులు 1980ల నుంచి ఈ కప్ప మీదే పరిశోధన చేశారు. చర్మం మీద మొదటి మంచు పలుకు పడిన నిమిషాల్లోనే కాలేయానికి కబురు అందుతుంది. అప్పటిదాకా దాచిపెట్టిన గ్లైకోజెన్‌ను అది గ్లూకోజుగా విడగొట్టి రక్తంలోకి వదులుతుంది. రక్తంలో చక్కెర మామూలు కంటే నలభై యాభై రెట్లు పెరుగుతుంది. ఆ చక్కెర కణాల్లో నిండి లోపలి నీటిని గడ్డకట్టనివ్వదు. మంచు కణాల బయటే ఆగిపోతుంది. మనిషికైతే అంత చక్కెర ప్రాణాంతకం. ఈ కప్పకు అదే ప్రాణం పోస్తుంది.

రాత్రి తినకపోయినా పొద్దున షుగర్ ఎందుకు పెరుగుతుంది?

మన కాలేయం కూడా చక్కెరను దాచుకునే గాదె. భోజనం తర్వాత దాదాపు 100 గ్రాముల గ్లైకోజెన్ అందులో ఉంటుంది. నిద్రలో మెదడు ఆకలితో ఆగిపోకుండా కాలేయం కొంచెం కొంచెంగా చక్కెరను వదులుతూ, అది చాలనప్పుడు కొత్తగా తయారుచేస్తూ ఉంటుంది.

"రాత్రి రెండు పుల్కాలే తిన్నాను, పొద్దున మీటరులో 8 ఎలా చూపించింది?" అనే ప్రశ్న తెలుగు ఇళ్లలో తరచూ వినిపిస్తుంది. (కెనడా మీటర్లు మిల్లీమోల్స్‌లో చూపిస్తాయి. 18తో గుణిస్తే మన ఊరి లెక్క వస్తుంది, 8 అంటే 144.) ఆ చక్కెర పుల్కాది కాదు, కాలేయం రాత్రంతా చేసి పంపినది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ వెలికితీసిన ఇన్సులిన్ మన ఒంట్లో క్లోమంలోంచి బయలుదేరి మొదట చేరేది కాలేయానికే. దాదాపు సగం అక్కడే ఖర్చవుతుంది. "చక్కెర చాలు, ఆపు" అని చెప్పడం దాని పని. కాలేయంలో కొవ్వు పేరుకుంటే ఆ మాట చెవికెక్కదు. మధుమేహానికి మొదట రాసే మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా పనిచేసేది ఇక్కడే. కాలేయం కొత్తగా చక్కెర చేయడాన్ని అది తగ్గిస్తుంది.

ధ్రువపు ఎలుగుబంటి కాలేయం విషం

ప్రపంచంలోని ధ్రువపు ఎలుగుబంట్లలో దాదాపు మూడింట రెండు వంతులు కెనడాలోనే ఉన్నాయి. ఉత్తరాన ఉండే ఇన్యుయిట్లు ఎలుగుబంటి మాంసం తింటారు గానీ కాలేయం ముట్టరు. కుక్కలకు కూడా పెట్టరు. సీల్ కొవ్వు తిని బతికే ఈ జంతువు కాలేయంలో విటమిన్ ఎ విపరీతంగా పేరుకుంటుంది. 100 గ్రాముల ముక్కలో ఒక మనిషికి ఏడాదికి పైగా సరిపడేంత ఉంటుంది. 1597లో ఉత్తర సముద్రాల్లో మంచులో చిక్కుకుపోయిన విలియం బారెంట్స్ మనుషులు దీన్ని తిని జబ్బుపడ్డారు, కొందరికి తల నుంచి కాళ్ల దాకా చర్మం ఊడివచ్చింది.

మన కాలేయం కూడా విటమిన్ ఎ ని ప్రత్యేకమైన కణాల్లో దాచుకుంటుంది. మేక కార్జంలో కూడా అది బాగా ఉంటుంది. రక్తహీనత ఉందని గర్భిణికి రోజూ కార్జం వేపుడు పెట్టడం మంచిది కాదు. విటమిన్ ఎ మితిమీరితే కడుపులోని బిడ్డకు చేటు.

భీమవరం నుంచి కెనడా మైదా దాకా

రక్తహీనతకూ కార్జానికీ ఉన్న బంధం 1926లో బోస్టన్‌లో బయటపడింది. అప్పటిదాకా ప్రాణాలు తీసే జబ్బుగా పేరున్న పెర్నీషియస్ అనీమియా రోగులకు రోజూ కార్జం తినిపిస్తే కోలుకుంటున్నారని మైనాట్, మర్ఫీ చూపించారు. అందులో ఏముందో వెతికిన వారిలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఉన్నారు. హార్వర్డ్‌లో ఉండగానే కాలేయ సారం మీద పనిచేశారు. తర్వాత లెడర్లీ సంస్థలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను వేరుచేసి, 1945కల్లా ప్రయోగశాలలో తయారుచేసింది. ఆయన సొంత తోబుట్టువులను బలిగొన్న స్ప్రూ జబ్బుకు అదే మందుగా పనికొచ్చింది. పెర్నీషియస్ అనీమియాకు అసలు మందు బి12 అని 1948లో తేలింది. సుబ్బారావు గారు కన్నుమూసింది కూడా ఆ ఏడే.

ఇక కెనడా సంగతి. 1998 నవంబరు నుంచి ఇక్కడ అమ్మే మైదాలో ఫోలిక్ యాసిడ్ కలపడం తప్పనిసరి. పుట్టే పిల్లల్లో వెన్నుపాము, మెదడు సరిగా మూసుకోకపోవడమనే లోపం ఆ తర్వాత 46 శాతం తగ్గిందని ఏడు ప్రావిన్సుల లెక్కలతో 2007లో ఒక పరిశోధన వచ్చింది. ఒక తెలుగు శాస్త్రవేత్త శ్రమ కెనడా రొట్టెల్లోకి చేరిందని తలుచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది. కానీ ఒక మాట గుర్తుంచుకోవాలి. ఆ నిబంధన మైదాకే, మనం వండుకునే బియ్యానికి కాదు. అన్నం ముఖ్యంగా తినే ఇంట్లో పిల్లల కోసం చూస్తున్న అమ్మాయి, గర్భం రాకముందు కనీసం మూడు నెలల నుంచే రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకోవాలి.

బి12 గురించి కూడా చెప్పాలి. కాలేయం దాన్ని కొన్నేళ్లకు సరిపడా దాచుకుంటుంది. పూర్తిగా శాకాహారంలోకి మారినా, పాలు పెరుగు మానేసినా లోటు వెంటనే తెలియకపోవడానికి కారణం ఇదే. కాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యేసరికి ఆ నిల్వ అయిపోయి ఉంటుంది.

ఎడ్మంటన్‌కు వచ్చిన నోబెల్

హెపటైటిస్ సి వైరస్‌ను కనిపెట్టినందుకు 2020లో ముగ్గురికి నోబెల్ బహుమతి ఇచ్చారు. వారిలో మైకేల్ హౌటన్ ఎడ్మంటన్‌లోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. కనిపెట్టినప్పుడు ఆయన కాలిఫోర్నియాలోని కైరాన్ కంపెనీలో ఉన్నారు. అప్పటికి ఎ, బి వైరస్‌లు తెలుసు. రక్తం ఎక్కించుకున్న చాలామందికి ఈ రెండూ కాని కాలేయ జబ్బు వస్తోంది, కారణం ఏ సూక్ష్మదర్శినికీ అందడం లేదు. హౌటన్ బృందం జబ్బు సోకిన చింపాంజీ రక్తంలోని జన్యు పదార్థాన్ని లక్షల ముక్కలుగా బ్యాక్టీరియాలో పెట్టి, రోగుల రక్తంలోని ప్రతిరక్షకాలు ఏ ముక్కను గుర్తుపడతాయో చూస్తూ పోయింది. ఏళ్ల పాటు ఏమీ దొరకలేదు. చివరికి దొరికిన ఒక్క ముక్క ఆ వైరస్‌ది. 1989లో ప్రపంచానికి తెలిసింది.

కెనడాలో పెద్ద గౌరవంగా భావించే గైర్డ్‌నర్ బహుమతిని 2013లో ఆయనకు ప్రకటిస్తే, లక్ష డాలర్లతో సహా వద్దన్నారు. తనతో పాటు ఆ ఏళ్లన్నీ శ్రమించిన క్వీ లిమ్ చూ, జార్జ్ కువోలను పక్కనపెట్టి తాను ఒక్కడే తీసుకోలేనన్నారు. శాస్త్రంలో ఒక్కరి పేరే నిలబడే ఈ రోజుల్లో ఆ మాట నాకు బహుమతి కంటే పెద్దదిగా కనిపిస్తుంది.

ఆ వైరస్ కెనడాకు మిగిల్చిన గాయం మాత్రం చాలా లోతైనది. 1980ల్లో ఇక్కడ రక్తం, రక్తంతో చేసిన మందులు తీసుకున్నవారిలో రెండు వేల మంది దాకా హెచ్ఐవి, ముప్పై వేల మంది దాకా హెపటైటిస్ సి బారిన పడ్డారు. ప్రసవంలో రక్తం ఎక్కించుకున్న తల్లులు, హీమోఫీలియా ఉన్న పసివాళ్లు ఇందులో ఉన్నారు. జస్టిస్ హొరేస్ క్రీవర్ నాయకత్వంలో 1993లో మొదలైన విచారణ సంఘం 1997 నవంబరులో నివేదిక ఇచ్చింది. అమెరికా 1986 నుంచి వాడుతున్న పరోక్ష పరీక్షలను కెనడా వాడలేదని తేలింది. రక్తం బాధ్యత రెడ్‌క్రాస్ చేతుల్లోంచి పోయి, 1998 సెప్టెంబరు నుంచి కెనడియన్ బ్లడ్ సర్వీసెస్‌కు, క్యూబెక్‌లో హేమా క్యూబెక్‌కు వచ్చింది. పరిహారం మాత్రం మొదట 1986, 1990 మధ్య సోకినవారికే ఇచ్చారు. అదే రక్తం, అదే జబ్బు, తేదీ ఒక్కటే తేడా. మిగతావారికి 2006లో గానీ ప్రకటన రాలేదు. అది అన్యాయమే.

ఇప్పుడు హెపటైటిస్ సి కి 8 నుంచి 12 వారాల పాటు మాత్రలు చాలు, నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. ఎనభైల్లో, తొంభైల మొదట్లో ఇండియాలో ఆపరేషన్ చేయించుకుని రక్తం ఎక్కించుకున్నవారు, గాజు సిరంజీలతో ఇంజెక్షన్లు తీసుకున్నవారు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. ఒక్క రక్త పరీక్షతో తెలిసిపోతుంది.

హెపటైటిస్ బి: అడిగి చేయించుకోవలసిన పరీక్ష

తల్లి నుంచి పసిబిడ్డకు ఈ వైరస్ సోకితే నూటికి 90 మందిలో జీవితాంతం ఉండిపోతుంది. పెద్దయ్యాక సోకితే ఎక్కువమందిలో తనంతట తానే పోతుంది. అందుకే పుట్టిన వెంటనే వేసే టీకాకు అంత విలువ. 1997లో హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ షాన్‌వాక్-బి తెచ్చేదాకా మన దేశంలో ఈ టీకా విదేశాల నుంచే వచ్చేది, డోసు ధర వందల్లో పలికేది. జన్యు సాంకేతికతతో దేశంలోనే తయారైన మొదటి టీకా అదే. ఆ తర్వాతే సామాన్యుడికి అందుబాటులోకి వచ్చింది. అటు ఎడ్మంటన్‌లో లార్న్ టిరెల్ బృందం పరిశోధనల నుంచి ఈ వైరస్‌కు నోటితో వేసుకునే మొదటి మందు లామివుడీన్ వచ్చింది, 1998లో అనుమతి పొందింది.

షాన్‌వాక్ రాకముందు పుట్టిన మనలో చాలామందికి టీకా పడలేదు. ఈ జబ్బు రెండు శాతం, అంతకు మించి ఉన్న దేశాల నుంచి వచ్చినవారికి పరీక్ష చేయాలని 2011లో కెనడా వైద్య సంఘం పత్రికలో వచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. భారతదేశం ఆ కోవలోదే. అయినా ఇమ్మిగ్రేషన్ మెడికల్ అయిపోయింది కదా, అన్నీ చూసే ఉంటారు అని చాలామంది ధీమాగా ఉంటారు. ఫ్యామిలీ డాక్టరును నోరు తెరిచి అడగండి. వైరస్ ఉన్నట్టు తేలితే మందులు ఉన్నాయి. తెలియకపోతే అది సిర్రోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడటం) లేకుండానే క్యాన్సర్‌కు కూడా దారితీయగలదు.

పసరు మందు ఎందుకు పనిచేసినట్టు కనిపిస్తుంది?

పచ్చకామెర్లు జబ్బు కాదు, లక్షణం. ముసలివైన ఎర్ర రక్తకణాలు విరిగినప్పుడు పుట్టే పసుపు పదార్థం బిలిరుబిన్‌ను కాలేయం పైత్యరసంలోకి పంపలేకపోతే అది ఒంట్లో పేరుకుంటుంది. మన ఊళ్లలో కామెర్లకు పసరు పోస్తారు, చేతికి వాతలు పెడతారు, వారాల్లో తగ్గిందంటారు. నీళ్ల ద్వారా వచ్చే హెపటైటిస్ ఎ, ఇ చాలామందిలో ఏ మందూ లేకుండానే తగ్గుతాయి, పేరు పసరుకు వస్తుంది. నేల ఉసిరి మీద 1988లో చెన్నై నుంచి ఆశ పుట్టించే ఫలితం వచ్చింది గానీ తర్వాతి పరీక్షల్లో అది నిలబడలేదు. కామెర్లకు కారణం పిత్తాశయంలోంచి జారిన రాయో, హెపటైటిస్ బి యో, గడ్డో అయితే పసరు కోసం తిరిగిన వారాలు తిరిగి రావు.

సెలవులకు పిల్లలను తీసుకుని ఊరెళ్లే తల్లిదండ్రులకు ఒక విన్నపం. కెనడాలో చాలా ప్రావిన్సుల్లో హెపటైటిస్ ఎ టీకా పిల్లల మామూలు టీకాల్లో లేదు. ఇక్కడ పుట్టిన పిల్లలకు, ఊళ్లో పెరిగిన మనకున్న రక్షణ ఉండదు. అమ్మమ్మగారింట్లో ఎంత కాచిన నీళ్లు ఇచ్చినా, వీధి చివర బండి దగ్గర ఆగకుండా ఉండరు. బయలుదేరే ముందే టీకా వేయించండి.

టైలెనాల్, డోలో ఒకే మందు

కెనడాలో అసిటామినోఫెన్ అనేదీ ఇండియాలో పారాసెటమాల్ అనేదీ ఒకటే. టైలెనాల్, డోలో, క్రోసిన్, కాల్‌పాల్ అన్నీ అదే. జలుబు మందు నైక్విల్‌లో కూడా ఉంటుంది. సూపర్ వీసా మీద వచ్చిన నాన్నగారు సూట్‌కేసులోంచి డోలో 650 వేసుకుంటారు. ఒళ్లు నొప్పులు తగ్గలేదని కోడలు టైలెనాల్ ఇస్తుంది. రాత్రి నిద్ర పట్టలేదని కొడుకు నైక్విల్ తెస్తాడు. ముగ్గురూ ప్రేమతోనే చేశారు, లెక్క మాత్రం ఎవరూ వేయలేదు.

ఆరోగ్యవంతుడైన పెద్దవారికి 24 గంటల్లో 4,000 మిల్లీగ్రాములు గరిష్ఠ పరిమితి. ఈ మందులో ఎక్కువ భాగాన్ని కాలేయం హాయిగా బయటికి పంపుతుంది. కొద్ది భాగం మాత్రం విషపదార్థంగా మారుతుంది, దాన్ని గ్లూటథయోన్ అనే రసాయనం అప్పటికప్పుడు విరిచేస్తుంది. మోతాదు మించితే గ్లూటథయోన్ అయిపోతుంది, విషం కణాలనే చంపుతుంది. రోజూ మద్యం తాగేవారిలో, జ్వరంతో రోజుల తరబడి ఏమీ తినని వారిలో అది ముందే తక్కువగా ఉంటుంది. కెనడాలో కాలేయం ఉన్నట్టుండి విఫలమయ్యే కేసులకు ఇదే అతి పెద్ద కారణమని హెల్త్ కెనడా చెబుతోంది. ఈ మందు మోతాదు మించి ఏటా నాలుగు వేల మందికి పైగా ఆసుపత్రుల్లో చేరుతున్నారు.

మరీ ప్రమాదం ఏమిటంటే మొదటి రోజు పెద్దగా ఏమీ తెలియదు. కొంచెం వికారం, అంతే. మూడో నాలుగో రోజుకు కళ్లు పచ్చబడతాయి. ఎన్-అసిటైల్ సిస్టీన్ అనే విరుగుడు ఎనిమిది గంటల్లోపు పడితే కాలేయం దాదాపు ఎప్పుడూ దక్కుతుంది. ఎక్కువ వేసుకున్నారని అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకండి. విష నివారణ కేంద్రం ఉచిత నంబరు 1-844-764-7669 కు వెంటనే ఫోన్ చేయండి.

గ్రేప్‌ఫ్రూట్ రసంలో బయటపడ్డ రహస్యం

మందులను విరిచే ఎంజైములు కాలేయంలో, పేగు గోడల్లో ఉంటాయి. ఒంటారియోలోని లండన్ నగరంలో డేవిడ్ బెయిలీ అనే శాస్త్రవేత్త, రక్తపోటు మందు ఫెలోడిపిన్‌కూ మద్యానికీ పొంతన ఉందా అని పరీక్షిస్తూ, మద్యం రుచి తెలియకుండా గ్రేప్‌ఫ్రూట్ రసంలో కలిపారు. రక్తంలో మందు ఊహించని స్థాయికి పెరిగింది. కారణం మద్యం కాదు, పండు రసం. అది పేగు గోడలోని ఎంజైమును పనిచేయకుండా చేసి, విరగాల్సిన మందును విరగనివ్వకుండా రక్తంలోకి పంపింది. 1991లో లాన్సెట్‌లో వచ్చింది. 2012 నాటికి ఇలాంటి మందులు 85 దాటాయని ఆయన బృందం లెక్కతేల్చింది. నాలుగు నిమిషాల్లోపు మైలు పరుగెత్తిన మొదటి కెనడా వాసి కూడా ఈయనే, 1966లో.

మన పంపర పనసకూ ఇదే గుణం ఉంది. కొలెస్ట్రాల్ కోసం సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్ వేసుకునేవారు ఈ పండ్ల గురించి ఫార్మసిస్టును అడగాలి. నావెల్, వాలెన్సియా లాంటి తీపి నారింజలతో ఈ ఇబ్బంది లేదు. "సహజమైనదే కదా" అని మాత్రల రూపంలో గ్రీన్ టీ సారం వాడేవారికీ ఒక హెచ్చరిక. అరుదుగానైనా అది కాలేయాన్ని దెబ్బతీస్తోందని 2017లో హెల్త్ కెనడా సమీక్షలో తేలింది.

సన్నగా ఉన్నా కొవ్వు కాలేయం

హామిల్టన్‌లోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో సోనియా ఆనంద్ బృందం దక్షిణాసియా మూలాలున్నవారినీ తెల్లవారినీ పోల్చి చూసి 2011లో ఒక పరిశోధన ప్రచురించింది. బరువు, ఎత్తుల నిష్పత్తి (బీఎంఐ) ఒకటే అయినా మనవారి కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉంది. చర్మం కింద కొవ్వు దాచుకునే కణాలు మనలో పెద్దవిగా, త్వరగా నిండిపోయేవిగా ఉన్నాయి. అక్కడ చోటు చాలనప్పుడు కొవ్వు పొట్ట లోపలికి, కాలేయంలోకి చేరుతుంది. అందుకే కాళ్లూ చేతులూ సన్నగా, నడుము దగ్గర మాత్రం చిన్న బొజ్జతో ఉండే మన వాళ్లకు ఈ జబ్బు వస్తోంది. దక్షిణాసియా వారికి బీఎంఐ 23 దాటగానే జాగ్రత్త పడాలని వైద్యులు అంటున్నది ఇందుకే.

ఒక్క చుక్క మద్యం ముట్టనివారికీ వస్తుంది. మిగిలిపోయిన పిండిపదార్థాన్ని, ముఖ్యంగా తీపి పానీయాల్లోని ఫ్రక్టోజును కాలేయం కొవ్వుగా మార్చుకుంటుంది. ఆరు నెలల చలి, కారులోనే రాకపోకలు, రోజంతా కంప్యూటరు ముందు కుర్చీ, రాత్రి తొమ్మిదికి పళ్లెం నిండా అన్నం. బ్రాంప్టన్‌లో, మిస్సిసాగాలో మన జీవితం చాలావరకు ఇదే. బరువులో 7 నుంచి 10 శాతం తగ్గితే కొవ్వుతో పాటు కాలేయం లోపలి వాపు కూడా తగ్గుతుంది. 80 కిలోల మనిషికి అది ఆరు నుంచి ఎనిమిది కిలోలు. ఇప్పటికీ మొదటి మందు అదే.

స్కానింగ్‌లో "ఫ్యాటీ లివర్" అని వస్తే "ఈ రోజుల్లో అందరికీ ఉంటుందిలే" అని కాగితం మడిచి పెట్టేయకండి. మచ్చలు పడుతున్నాయా లేదా అన్నది అసలు ప్రశ్న. వయసు, రెండు కాలేయ ఎంజైములు, ప్లేట్‌లెట్ల సంఖ్య ఉంటే ఫిబ్-4 అనే లెక్క వేసి డాక్టరు అక్కడికక్కడే అంచనా వేయగలరు. అది ఎక్కువగా వస్తే కాలేయం గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్ చేస్తారు. నొప్పి ఉండదు, సూది ఉండదు.

మద్యం, కాఫీ

2023 జనవరిలో కెనడాలో కొత్త సలహా వచ్చింది. వారానికి రెండు డ్రింకులు దాటకపోతే ముప్పు తక్కువ. అంతకుముందు మగవారికి 15, ఆడవారికి 10 అనేవారు. ఒక డ్రింకు అంటే 341 మిల్లీలీటర్ల బీరు, లేదా 142 మిల్లీలీటర్ల వైను, లేదా 43 మిల్లీలీటర్ల విస్కీ. ఇంట్లో స్నేహితులు పోసే పెగ్గు చాలాసార్లు ఇందుకు రెట్టింపు ఉంటుంది. కాఫీ మాత్రం కాలేయానికి మేలు. రోజూ తాగేవారిలో సిర్రోసిస్ తక్కువగా కనిపిస్తోందని ఎన్నో దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. చక్కెర వేసుకోకుండా తాగగలిగితే ఇంకా మంచిది.

ఇచ్చినా మళ్లీ పెరిగే అవయవం

ఆరోగ్యవంతుడు తన కాలేయంలో 60 శాతం దాకా ఇచ్చేసినా, మిగిలిన భాగం రెండు మూడు నెలల్లో దాదాపు మునుపటి పరిమాణానికి పెరుగుతుంది. ఇచ్చిన ముక్క కూడా అవతలి మనిషిలో పెరుగుతుంది. టొరంటో జనరల్ ఆసుపత్రి ఇలా బతికున్న దాతల నుంచి చేసే మార్పిడులకు ఉత్తర అమెరికాలోనే పేరున్న చోటు. 2015లో ఆటవా సెనేటర్స్ హాకీ జట్టు యజమాని యూజీన్ మెల్నిక్ బహిరంగంగా అర్థిస్తే వందల మంది ముందుకొచ్చారు. ఇచ్చిన వ్యక్తి తన పేరు చెప్పవద్దన్నారు.

మరణానంతర దానం ఇంకా ముఖ్యం. నోవా స్కోషియాలో 2021 జనవరి నుంచి వద్దని రాసివ్వని పెద్దలందరినీ దాతలుగానే భావిస్తారు, ఉత్తర అమెరికాలో ఆ చట్టం తెచ్చిన మొదటి ప్రాంతం అదే. తెలుగు నేల మీద 2013లో మొదలైన జీవన్‌దాన్ పథకం కూడా మరణానంతర దానం కోసమే. ఒంటారియోలో 16 ఏళ్లు నిండినవారు హెల్త్ కార్డు నంబరుతో ఆన్‌లైన్‌లో రెండు నిమిషాల్లో పేరు నమోదు చేసుకోవచ్చు. చేసుకోండి. ఆ సంగతి ఇంట్లోవారికి కూడా ఈ రోజే చెప్పండి, ఎందుకంటే ఆ సమయం వచ్చినప్పుడు డాక్టర్లు మాట్లాడేది వారితోనే.